తెర మీద వడ్డన

కిందటి వారం పనసపొట్టు కూర సంగతి రాస్తే, ఆవ ఎప్పుడు కలపాలని చాలామంది అడిగారు. కూర దింపి, కాస్త చల్లారాక కలపండి. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. ఎంత మంచి ఆవైనా వేళ తప్పితే రుచి పోతుంది మరి. ఈ వారం నేను చెప్పబోయేది కూడా అలాంటి సంగతే. కాకపోతే ఇది వంటింట్లోది కాదు, కంప్యూటరు తెర మీదిది.

వెబినార్ అన్న మాట చూసి పేజీ తిప్పెయ్యకండి. 2020లో కరోనా వచ్చినప్పుడు మన పిల్లలు సెల్‌ఫోను ముందు కూర్చుని పాఠాలు విన్నారు చూడండి, ఇదీ అలాంటిదే. ఒకరు మాట్లాడుతూ ఉంటే, ఎక్కడెక్కడి వాళ్ళో తమ ఇళ్ళల్లో కూర్చుని చూస్తారు, వింటారు, ప్రశ్నలు వేస్తారు. మాట్లాడేవాళ్ళు మధ్యమధ్య తెర మీద చూపించే బొమ్మల పేజీలే స్లైడ్లు. పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు, చీరలమ్మేవాళ్ళు, కుట్టుపని నేర్పేవాళ్ళు కూడా ఇప్పుడు ఈ దారి పడుతున్నారు. రేపో మాపో మీ ఇంట్లోనూ అవసరం రావచ్చు. మా ఇంటికి వచ్చింది కాబట్టే రాస్తున్నాను.

మా ఆడపడుచుని ఉద్దానంలో ఇచ్చాం. పలాస నుంచి సముద్రం వైపు వెళ్తే కొబ్బరి, జీడి, పనస చెట్లతో ఎండ నేల మీద పడనివ్వని ఊళ్ళవి. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారేసరికి ఆ నీడంతా పోయింది. మా ఆడపడుచు వాళ్ళ తోటలో నిలబడ్డ జీడిచెట్లు నాలుగంటే నాలుగే. మరుసటేడు మళ్ళీ మొక్కలు వేశారు. జీడిమొక్క కాపు మొదలెట్టడానికి మూడు నాలుగేళ్ళు, కాపు నిలదొక్కుకోవడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ ఆ ఇల్లు ఎలా గడిచిందో నాకు తెలుసు.

ఇప్పుడు నాలుగు పిక్కలు రాలుతున్నాయి కదా అని, వాళ్ళ సంఘంలో పన్నెండుమంది ఆడవాళ్ళు ఒక ఆలోచన చేశారు. పిక్కలు బస్తాల్లెక్కన అమ్మేసుకోకుండా, కొంత తామే ఉడకబెట్టి, కొట్టి, పొట్టు తీసి, పప్పు చేసి నేరుగా ఇళ్ళకి అమ్ముదామని. నూరు కిలోల పిక్కలు కొడితే పప్పు ఇంచుమించు పాతిక కిలోలు వస్తుంది. దానికోసం సంఘం మీద అప్పు తీసుకున్నారు. పప్పు తయారైంది, వాయిదా దగ్గర పడింది, కొనేవాళ్ళే లేరు. డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు "వెబినార్ పెడదాం, పట్నం వాళ్ళందరూ చూస్తారు" అన్నాడట. పెట్టాడు.

ఆ రాత్రి మా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, మా గుంటడు అదేదో పెట్టేసేడు గానీ, ఎవులూ ఏటీ కొనలేదే. ముప్పయ్యారుగురు వొచ్చేరట. ఆకర్న అయిదుగురు మిగిలేరట. ఆ అయిదుగురిలో ముగ్గురు మా సుట్టాలే" అంది. నవ్వుతూనే చెప్పింది గానీ గొంతులో నవ్వు లేదు.

మర్నాడు నిమ్మాడ కూడలిలో బస్సెక్కి, టెక్కలి మీదుగా కాశీబుగ్గలో దిగి, అక్కడినుంచి ఆటోలో వాళ్ళ ఊరు చేరాను. నేను ఇంటర్‌తో ఆపేసినదాన్ని, కంప్యూటరు గురించి నాకేం తెలుసు? కానీ నలభై ఏళ్ళుగా భోజనాలు తింటున్నాను, పాతికేళ్ళుగా వడ్డిస్తున్నాను. తినేవాళ్ళు మధ్యలో ఎందుకు లేచిపోతారో ఆ మాత్రం తెలుసు.

"ఒరే నాయనా, నిన్న చూపించినవి నాకూ చూపించు" అన్నాను. మొత్తం 34 స్లైడ్లు. మొదటిదాంట్లో సంఘం పేరు, చుట్టూ పువ్వులు ఎగురుతూ ఉన్నాయి. రెండోది అధ్యక్షురాలికి కృతజ్ఞతలు. మూడోది కార్యదర్శికి. నాలుగోది జీడిచెట్టు బ్రెజిల్లో పుట్టిందనీ, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు మన దేశానికి తెచ్చారనీ. అబద్ధమేం కాదు, కానీ పప్పు కొనుక్కోడానికి వచ్చిన ఇల్లాలికి పోర్చుగీసువాళ్ళతో ఏం పని? తర్వాత పదిహేను స్లైడ్ల నిండా చీమల్లాంటి అక్షరాలు. వాటిని మావాడు ఒక్క ముక్క వదలకుండా చదివాడట. ధర చెప్పే స్లైడు 29వది. దానికి వచ్చేసరికి వాళ్ళు వాడుకున్నది ఉచిత ఏర్పాటు కాబట్టి 40 నిమిషాలకి సమావేశం దానంతటదే ఆగిపోయింది. అంటే ధరా తెలీలేదు, ఫోను నంబరూ తెలీలేదు.

"అత్తా, ఎంత కష్టపడి చేశానో" అన్నాడు పాపం. కష్టపడ్డాడు, కాదనను. నా కొత్త కాపురంలో మా మామగారి స్నేహితులు భోజనానికొస్తే పదకొండు రకాలు చేసి, అన్నం వార్చడం మర్చిపోయాను. ఆ కష్టమూ ఇలాంటిదే.

ముందు తినేవాళ్ళని అడగండి

కంప్యూటరు కట్టెయ్యమన్నాను. "నీకు తెలిసినవన్నీ చెప్పాలని కాదురా, వాళ్ళకి తెలుసుకోవాలనున్నది చెప్పాలి. అదేమిటో మనకెలా తెలుస్తుంది? అడుగుదాం" అన్నాను. విశాఖపట్నంలో మా చెల్లెలికి, హైదరాబాదులో మా పక్కింటావిడ కోడలికి, ఇంకో నలుగురికి ఫోను చేశాం. "మా ఉద్దానం జీడిపప్పు నేరుగా మీ ఇంటికి పంపిస్తామంటే ముందుగా ఏమడుగుతారు?" అని ఒక్కటే ప్రశ్న వేశాం. చెప్పినవన్నీ పాత క్యాలెండరు కాగితాల వెనక, ఒక్కో ముక్క మీద ఒక్కో ప్రశ్న రాశాను.

అందరూ అడిగినవి ఇంచుమించు ఇవే. కిలో ఎంత? కొట్లో కొనేదానికీ దీనికీ తేడా ఏమిటి? పురుగు పట్టదా? ప్యాకెట్ల మీద ఏవో నంబర్లుంటాయి, అవేమిటి? ఎన్నాళ్ళకి అందుతుంది? బాగాలేకపోతే డబ్బు వెనక్కిస్తారా? అసలు మీరెవరు?

చూశారా, మనమెవరమన్నది వాళ్ళకి ఆఖరి ప్రశ్న. మావాడికి అది మొదటి స్లైడు. అక్కడే వచ్చింది తేడా అంతా.

ఆ కాగితం ముక్కలన్నీ చాప మీద పరిచి, ఏది ముందు ఏది వెనక అని మార్చి మార్చి పెట్టాం. ఒక ప్రశ్నకి జవాబు చెప్పగానే వినేవాళ్ళకి ఏ ప్రశ్న పుడుతుందో అదే పక్కన పెట్టాలి. ధర వినగానే "ఎందుకంత?" అనిపిస్తుంది, కాబట్టి దాని వెనకే పప్పు రకం. రకం తెలిశాక "నిజమేనా?" అనిపిస్తుంది, కాబట్టి దాని వెనక మనుషులూ, పని జరిగే చోటూ. నమ్మకం కుదిరాక "ఎలా తెప్పించుకోవాలి?" అంటారు. అది చివర. మీరూ ఇలాగే కాగితాల మీద చెయ్యండి. కంప్యూటరు ముందు కూర్చుంటే రంగుల మీదకీ, ఎగిరే పువ్వుల మీదకీ మనసు పోతుంది. వరుస కుదిరాకే కంప్యూటరు తెరవండి.

ఎన్ని స్లైడ్లు, ఎంతసేపు?

అమెరికాలో ఆపిల్ కంపెనీలో పనిచేసిన గై కవాసాకి అనే ఆయన తర్వాత కొత్త కంపెనీలకి పెట్టుబడి పెట్టే వ్యాపారంలో ఉండేవారు. డబ్బు అడగడానికి వచ్చేవాళ్ళ స్లైడ్లు చూసి చూసి విసిగిపోయి, 2005లో ఒక లెక్క చెప్పారు. 10 స్లైడ్లు, 20 నిమిషాలు, అక్షరాల సైజు 30కి తగ్గకూడదు. మావాడి కాలేజీ పుస్తకాల్లో కూడా ఈ లెక్క ఉందట. తెలిసీ పాటించలేదు, మనకి ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినట్టే.

ఆ లెక్క మాకు సరిగ్గా సరిపోయింది. 20 నిమిషాలు మాట, 15 నిమిషాలు ప్రశ్నలు. 40 నిమిషాల గడువులో ఇంకా అయిదు నిమిషాలు చేతిలో ఉంటాయి. అక్షరాలు పెద్దవిగా ఉండాలనడానికి మనకి ఇంకో కారణం కూడా ఉంది. మన పప్పు కొనే ఇల్లాలు పెద్ద తెర మీద చూడదు, పొయ్యి పక్కన గోడకి ఫోను ఆనించి చూస్తుంది. అందుకని స్లైడు తయారు కాగానే మీ ఫోనులో పెట్టుకుని, చెయ్యి చాచి పట్టుకుని, కళ్ళజోడు తీసేసి చూడండి. చదవగలిగితే ఉంచండి, లేకపోతే మాటలు తగ్గించండి.

పటం కథ పద్ధతి

స్లైడ్లు తయారుచేసే పవర్‌పాయింట్ 1987లో వచ్చింది. రాబర్ట్ గాస్కిన్స్ అనే ఆయన ఆలోచన అది. ఆ ఏడే మైక్రోసాఫ్ట్ కంపెనీ దాన్ని 1 కోటి 40 లక్షల డాలర్లకి కొనుక్కుంది. కానీ బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం మనకి అంతకన్నా ఎంతో పాతది. తెలంగాణలో చేర్యాల పటాల సంగతి మీరు వినే ఉంటారు. పొడుగాటి గుడ్డ మీద నకాశీ కళాకారులు కులపురాణాల బొమ్మలు వరసగా వేస్తారు. కథకులు ఆ పటం కొంచెం కొంచెం విప్పుతూ, విప్పిన బొమ్మని చూపిస్తూ కథ చెబుతారు. ఒకసారికి ఒక ఘట్టం. ఆ బొమ్మ చూపిస్తుంది, కథకుడు చెబుతాడు. ఒకరి పని ఒకరు చెయ్యరు.

మావాడు చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. తెర మీద రాసిందే నోటితో చదివాడు. అమెరికాలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పరీక్షలు చేశారు. బొమ్మ చూపిస్తూ నోటితో చెబితే జనానికి బాగా అర్థమవుతుంది. దానికి తోడు చెప్పే మాటల్నే తెర మీద కూడా రాస్తే, కన్ను అక్షరాల వెంట, చెవి మాటల వెంట పడి అర్థం కావడం తగ్గుతుంది. మనం పూజలో కథ చదువుతూ ఉంటే పక్కన టీవీ పెట్టినట్టుంటుంది. అందుకని ఒక స్లైడుకి ఒకే సంగతి, ఒక బొమ్మ, నాలుగైదు మాటలు. మిగతాది మీ నోటితో చెప్పండి.

చిన్న అక్షరాల్లో పెద్ద సంగతి వద్దు

మావాడి 29వ స్లైడులో ఎనిమిది వరసలున్నాయి. ఎనిమిదో వరసలో అన్నిటికన్నా చిన్న అక్షరాలతో "రవాణా ఖర్చు వేరు" అని ఉంది. "ఇది ఇలా దాచావేమిట్రా?" అంటే "దాచలేదత్తా, చోటు చాల్లేదు" అన్నాడు. చోటు చాలక జరిగినా, కొనేవాళ్ళకి మోసంలాగే కనిపిస్తుంది.

ఇంతకన్నా ఎంతో పెద్ద విషయంలో ఇలాగే జరిగింది. మన కల్పనా చావ్లా గుర్తుంది కదూ. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక తిరిగొస్తూ ఆకాశంలోనే ముక్కలైపోయింది. ఆమెతో కలిపి ఏడుగురు పోయారు. అంతకు రెండు వారాల ముందు, నౌక పైకి లేచినప్పుడే ఇంధనం ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి తగిలింది. దాని బరువు ఇంచుమించు ముప్పావు కిలో. ప్రమాదమా కాదా అని ఇంజనీర్లు లెక్కలు కట్టి, అధికారులకి స్లైడ్లలో చూపించారు. ఒక స్లైడుకి పైన పెట్టిన శీర్షిక చదివితే ఫరవాలేదన్న ధైర్యం కలుగుతుంది. అసలు సంగతి అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. వాళ్ళు అదివరకు పరీక్ష చేసి చూసిన నురుగు 3 ఘనపుటంగుళాలది, ఇప్పుడు తగిలింది 1920 ఘనపుటంగుళాలది. అంటే 640 రెట్లు పెద్దది. ఎడ్వర్డ్ టఫ్టీ అనే పండితుడు దీన్ని ఎత్తిచూపారు. 2003 ఆగస్టులో వచ్చిన విచారణ సంఘం నివేదికలో కూడా ఈ స్లైడు ప్రస్తావన ఉంది. స్లైడు వల్లే నౌక కూలిందని కాదు. కానీ ముఖ్యమైన మాట అడుగున పడితే చదివేవాళ్ళు ఎంత చదువుకున్నవాళ్ళయినా కన్ను దాటిపోతుంది.

మా పని జీడిపప్పు అమ్మడమే, ప్రాణాలకేం భయం లేదు. అయినా నియమం ఒకటే. ప్రతి స్లైడుకి పైన పెద్ద అక్షరాల్లో ఆ స్లైడు చెప్పే అసలు మాట పూర్తిగా రాయండి. "ధరలు" అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. "ఈ ధరలో రవాణా కలపలేదు" అని రాస్తే చెప్పినట్టు.

మా పది స్లైడ్లు

మీకు పనికొస్తాయని మేము చివరికి పెట్టిన వరస ఇస్తున్నాను. పప్పు బదులు మీ పచ్చడో, మీ చీరో పెట్టి చూసుకోండి.

1. గిన్నెడు జీడిపప్పు బొమ్మ. పైన "ఉద్దానం జీడిపప్పు మీ ఇంటికి", కింద కిలో ధర. మొదటి స్లైడులోనే ధర ఏమిటని మా ఆడపడుచు భయపడింది. ధర నచ్చనివాళ్ళు ఎప్పుడైనా వెళ్ళిపోతారు. నచ్చినవాళ్ళు నిమ్మళంగా కూర్చుంటారు.

2. ప్యాకెట్ మీద డబ్ల్యూ 320 అంటే ఏమిటి? ఇది కొన్నా కొనకపోయినా అందరికీ పనికొచ్చేది. ఒక పౌనుకి, అంటే ఇంచుమించు 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు తూగితే డబ్ల్యూ 320. అదే 170 నుంచి 180 తూగితే డబ్ల్యూ 180. నంబరు చిన్నదైతే గుండు పెద్దదన్నమాట. పావుకిలో ప్యాకెట్టు కొని లెక్కపెట్టండి. 320 రకమైతే 165 నుంచి 176 దాకా ఉండాలి. ఈసారి పిల్లల చేత లెక్కపెట్టించండి, సెలవుల్లో వాళ్ళకీ పొద్దుపోతుంది.

3. అరచేతిలో మూడు రకాలు, గుండు, బద్ద, ముక్క. ఇందులో చెయ్యి చూపించడం ముఖ్యం. ఉత్త పప్పు బొమ్మ పెడితే సైజు తెలీదు.

4. ఏది దేనికి? గుండ్లు వేయించుకోడానికీ, పెళ్ళిళ్ళకీ. బద్దలు పొంగలికీ, పులిహోరకీ. ముక్కలు కూరల్లో ముద్ద నూరడానికి. ముద్ద నూరేదానికి ఖరీదైన గుండ్లెందుకని మేమే చెప్పేశాం. అమ్మేవాళ్ళు ఖర్చు తగ్గించే మాట చెబితే నమ్మకం పుడుతుంది.

5. ఉద్దానం ఎక్కడ? ఒక చిన్న పటం. సముద్రం, పలాస, మా ఊరు. అంతే.

6. పిక్క పప్పు ఎలా అవుతుంది? ఉడకబెట్టడం, కొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తియ్యడం, ఏరడం. ఒక్క ఫోటో పెట్టి, మిగతాది నోటితో.

7. స్లైడు లేదు. తెర మీంచి బొమ్మలు తీసేసి, మా ఆడపడుచు కెమెరా ముందు పిక్క పెట్టి కొట్టి, పప్పు తీసి చూపిస్తుంది. పది నిమిషాలు బొమ్మలు చూసినవాళ్ళ కళ్ళకి మనిషి కనబడితే నిద్ర వదులుతుంది.

8. చేసేది ఎవరు? పన్నెండుమంది నిలబడ్డ ఫోటో. తిత్లీ సంగతి ఇక్కడ రెండే రెండు మాటల్లో. జాలి కోసం కాదు, చెట్టు ఎందుకంత లేతదో, సరుకు ఎందుకంత కొంచెమో తెలియడానికి.

9. ఎలా పంపుతాం? ఎన్ని రోజులకి అందుతుంది, రవాణాకి ఎంత, బాగాలేకపోతే ఏం చేస్తాం. ఆహారం ప్యాక్ చేసి అమ్మేవాళ్ళకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ 14 అంకెల నంబరు కూడా ఇక్కడే.

10. ఫోను నంబరు, పెద్ద అక్షరాల్లో. "పావుకిలో నుంచి పంపుతాం" అన్న ఒక్క మాట. ప్రశ్నలు జరుగుతున్నంతసేపూ ఈ స్లైడు తెర మీదే ఉంచాలి. "ధన్యవాదాలు" అని పువ్వుల బొమ్మ పెట్టి ఊరుకోకండి. పెన్ను వెతుక్కునేవాళ్ళకి కావలసింది నంబరు.

మూడో స్లైడు దగ్గర ఒక చిక్కొచ్చింది. పిక్క కొట్టేవాళ్ళ చేతులు జీడిరసం తగిలి నల్లబడి ఉంటాయి. సంఘంలో పెద్దావిడ చేతిని ఫోటో తీస్తామంటే కొంగులో దాచేసుకుంది. "నా సెయ్యి సూస్తే ఎవులైనా పప్పు తింటారేటమ్మా?" అంది. పట్నంలో ఉన్న ఏ చెయ్యినో పెట్టేద్దామన్నాడు మావాడు. నాకేం చెప్పాలో తోచలేదు. ఆవిడ ఇష్టం లేకుండా చూపించడం తప్పు. వేరే చెయ్యి పెడితే అబద్ధం. చివరికి ఆవిడే ఆలోచించి, "ఇదే పని సేసే సెయ్యి కదేటి, సూపించండి" అంది. చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి, అరచెయ్యి చాపి, పప్పు పెట్టుకుంది. మచ్చలు ఎందుకు వస్తాయో, పొట్టు తీసేటప్పటికి జీడిరసం ఏమీ ఉండదనీ మా ఆడపడుచు నోటితో చెప్పాలని అనుకున్నాం.

కృతజ్ఞతలు ఎక్కడ పెట్టాలి?

ఇంకో గొడవ కూడా వచ్చింది. కృతజ్ఞతల స్లైడ్లు తీసేస్తే అధ్యక్షురాలికి కోపం రాదూ? వస్తుంది. ఇళ్ళల్లో పెళ్ళిపత్రిక మీద పేర్ల దగ్గర ఎంత గొడవో మనకి తెలియనిదా! దానికి మార్గం ఉంది. సమావేశం మొదలయ్యే ముందు జనం ఒక్కొక్కరే వస్తూ అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలూ తెర ఖాళీగా ఉంచకుండా సంఘం వాళ్ళందరి ఫోటోలూ పేర్లూ ఒక్కొక్కటే తిప్పుతూ ఉండండి. వచ్చినవాళ్ళకి కాలక్షేపం, మనవాళ్ళకి గౌరవం. మొదలెట్టాల్సిన వేళకి మాత్రం తిన్నగా పప్పులోకి దిగండి.

వంత ఉండాలి

జముకుల కథలో గానీ, బుర్రకథలో గానీ ఒక్కరే చెప్పుకుంటూ పోరు. పక్కన వంత ఉంటుంది. "ఆహా" అంటుంది, "అదెలాగ?" అని అడుగుతుంది, జనం మనసులో ప్రశ్నని తన నోటితో వేస్తుంది. వెబినార్‌లో కూడా ఒక్క గొంతే ఇరవై నిమిషాలు వినిపిస్తే వినేవాళ్ళు ఫోను బోర్లించి పప్పు పోపు పెట్టుకోడానికి వెళ్ళిపోతారు. అందుకని మేనల్లుణ్ణి వంతగా పెట్టాం. మాట మా ఆడపడుచుది. మూడు నాలుగు నిమిషాలకోసారి వాడు ఒక ప్రశ్న వేస్తాడు, లేదా వచ్చినవాళ్ళు రాసి పంపిన ప్రశ్న చదువుతాడు. "మీ ఇంట్లో నెలకి ఎంత జీడిపప్పు వాడతారో రాయండి" అని మధ్యలో అడుగుతాడు. చెయ్యి కదిపి ఒక్క మాట రాసినవాళ్ళు మరి లేచి వెళ్ళరు.

మా ఆడపడుచు మాత్రం ససేమిరా అంది. "నానేటి సెప్పగల్నే వదినా? నా మాట మోటుగుంటాది" అంది. "పప్పు చేసేది నువ్వు, చెప్పేదీ నువ్వే. నీ మాట వింటేనే సరుకు ఎక్కడిదో తెలుస్తుంది" అన్నాను. మూడు రోజులు రాత్రిళ్ళు వంటయ్యాక గడియారం ఎదురుగా పెట్టుకుని చెప్పించాం. మొదటిరోజు 31 నిమిషాలు పట్టింది. మూడోరోజుకి 19కి వచ్చింది.

వేళ కూడా ఆలోచించుకోండి. ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళకైతే పిల్లల్ని బడికి పంపాక పదకొండు గంటలు మంచిది. దూరదేశాల్లో ఉన్న మన ఊళ్ళ పిల్లల కోసమైతే మనకి రాత్రి 8 గంటలప్పుడు, వేసవిలో న్యూయార్కులో ఉదయం 10.30. ఆదివారం అయితే ఇద్దరికీ కుదురుతుంది. మేము ఆదివారం రాత్రే పెట్టుకున్నాం. కరెంటు పోతే ఏంచెయ్యాలని ముందే అనుకుని, స్లైడ్లు ఇంకో ఫోనులో కూడా ఉంచాం. నిజంగానే పోయింది కూడా, ఏడో దాని దగ్గర. అప్పుడు పిక్క కొట్టడమే కదా, ఫోను లైటు వెలుగులో కొట్టి చూపించింది.

ఈసారి వచ్చినవాళ్ళు 28 మందే, కిందటిసారికన్నా తక్కువ. కానీ ఆఖరుకి 23 మంది ఉన్నారు. ప్రశ్నలు ఎక్కువగా వచ్చింది మూడో స్లైడు మీదే. ఒకావిడ "ఆ చేతికి నూనె ఏదైనా రాసుకుంటారా?" అని అడిగింది. పెద్దావిడే ముందుకొచ్చి "రాసుకుంటాం, బూడిద కూడా పూసుకుంటాం" అని జవాబు చెప్పింది. అమెరికాలో ఉన్న ఒకబ్బాయి, టెక్కలిలో ఉన్న తన అమ్మగారికి రెండు కిలోలు పంపమన్నాడు. హైదరాబాదు నుంచి ఒక అపార్టుమెంటు ఆడవాళ్ళు కలిసి ఇరవై కిలోలు చెప్పారు. సరుకంతా అమ్ముడైపోయిందని నేను చెప్పను, ఇంకా సగం పైన ఉంది. ఆ నెల వాయిదా మాత్రం కట్టారు.

మొన్న మా ఆడపడుచు మళ్ళీ ఫోను చేసింది. "వదినా, ఈపాలి కొబ్బరినూనెకి పెడదామనుకుంటన్నాం. కాయితం ముక్కలు రాసీసేను, సాప మీద పరిసేను. ఏది ముందెట్టాలో ఒకసారి సూడవే" అంది. ఆ కాగితాలు చదివి వినిపించమన్నాను. మొదటిదే చదివింది, "లీటరు ఎంత?" అని. ఇంక నేను చూడక్కర్లేదన్నాను.

మీలో ఎవరైనా ఇలాంటి ప్రయత్నం చేసి ఉంటే మీ అనుభవం రాయండి. వచ్చే వారం కొబ్బరికోరు వడియాలతో కలుస్తాను. ఉంటాను మరి.